కషాయం మానక్కర్లేదు, అందులో తేనె మానాలి

నల్గొండ జిల్లా మునుగోడు వైపు పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి నాలుగు. బాబుకి నాలుగు దవడ పళ్ళు పుచ్చిపోయాయి, అందులో ఒక పాల పన్ను రూట్ కెనాల్ దాకా వెళ్ళింది. డాక్టరు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడమని, రోజుకోసారి ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌తో పుక్కిలించమని రాసిచ్చారు. సీసా మీద ఫ్లోరైడ్ అన్న మాట చూడగానే ఈవిడ గుండె జారిపోయింది. కారణం వాళ్ళ నాన్న. ఊళ్ళో బోరు నీళ్ళు తాగి తాగి ఆయన నడుము వంగిపోయింది, పక్కకి చూడాలంటే మెడ తిరగదు, మనిషే తిరగాలి. "మా నాన్నని అలా చేసినదాన్ని నా కొడుకు నోట్లో నా చేత్తో ఎలా పొయ్యను?" అని అడుగుతున్నారు.

భయానికి ఇంకో కారణం కూడా ఉంది. అప్పట్లో చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని క్లీనింగ్ చేయించుకున్నప్పుడు ఆవిడకి క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఇచ్చారు. నోరు శుభ్రంగా అనిపించడంతో డాక్టరుని మళ్ళీ అడక్కుండానే నెలల తరబడి కొనుక్కుని వాడారు. పళ్ళు గోధుమ రంగుకి తిరిగాయి, కూరలో ఉప్పు తెలియకుండా పోయింది. కెమికల్ మౌత్‌వాష్‌లన్నీ ఇంతే అని అప్పుడే నిర్ణయించుకున్నారు.

ఇంట్లో అత్తగారు ఆ ఫ్లోరైడ్ సీసాని అటక మీద పెట్టేశారు. త్రిఫల పొడిలో (కరక్కాయ, తానికాయ, ఉసిరి కలిపిన పొడి) నాలుగు వేపాకులు, రెండు లవంగాలు వేసి కషాయం కాచి, రోజూ రాత్రి పడుకోబోయే ముందు పిల్లలిద్దరి చేతా పుక్కిలింపిస్తున్నారు. పేస్టు బదులు ఎర్ర పళ్ళపొడి తెప్పించారు. వగరుగా ఉందని బాబు మొండికేస్తే కషాయంలో చెంచా తేనె కలుపుతున్నారట. భర్తని అడిగితే "అమ్మ చేసేదీ మంచిదే, డాక్టరు చెప్పిందీ మంచిదే" అని ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారట. వచ్చే నెల మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కషాయం ఒక్కటే సరిపోతుందా, సరిపోకపోతే అత్తయ్యకి ఎలా చెప్పాలి, డాక్టరుకి ఏం చెప్పాలి అన్నది ప్రశ్న.

అమ్మా, మిగతా సంగతులన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు కానీ తేనె సంగతి ఈ రాత్రికే తేలాలి. పళ్ళు పుచ్చేది ఎలాగంటే, పంటి మీద పాచిలో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న తీపిని తిని ఆమ్లం వదులుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత నోట్లో 5.5 కంటే కిందికి దిగితే, పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. పగలైతే లాలాజలం అరగంట, గంటలో ఆ ఆమ్లాన్ని సర్దేసి, పోయిన ఖనిజాల్లో కొంత వెనక్కి ఇస్తుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. అంటే పడుకునే ముందు నోట్లో పడిన తేనెకి అడ్డూ అదుపూ ఉండదు. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా, ఏ అడవి నుంచి వచ్చినా పాచిలోని బ్యాక్టీరియాకి అది పంచదారే. బెల్లమూ అంతే. మీ అత్తయ్యగారు మనవడి పళ్ళ కోసం పొయ్యి దగ్గర నిలబడి చేస్తున్న పనిని ఆ ఒక్క చెంచా తలకిందులు చేస్తోంది.

ఇప్పుడు కెమికల్ అనే మాట దగ్గరికి వద్దాం. మీకు పళ్ళు రంగు మారిన మందూ, బాబుకి రాసిన మందూ ఒకటి కాదు. క్లోర్‌హెక్సిడిన్ సూక్ష్మజీవుల్ని చంపే మందు. చిగుళ్ళ వాపుకి, క్లీనింగ్ తర్వాత, చిన్న ఆపరేషన్ల తర్వాత కొద్ది రోజులకి ఇస్తారు, మామూలుగా రెండు వారాలు. అంతకు మించి వాడితే గోధుమ రంగు మరకలు, గార పేరుకోవడం, రుచి తేడా రావడం అందరికీ తెలిసిన దుష్ఫలితాలే. టీ, కాఫీ తాగేవాళ్ళకి మరకలు ఇంకా త్వరగా వస్తాయి. పైగా పుచ్చు రాకుండా ఆపుతుందనడానికి దానికి గట్టి ఆధారం లేదు, దాని బలమంతా చిగుళ్ళ దగ్గరే. మీకొచ్చిన మరక పంటి పైపైనే ఉంటుంది. క్లీనింగ్, పాలిషింగ్ చేయించుకుంటే పోతుంది. మందు ఆపాక రుచి కూడా తిరిగి వస్తుంది. ఇప్పటికీ రాలేదంటే దాన్ని విడిగా చూపించుకోవాలి.

ఫ్లోరైడ్ మౌత్‌వాష్ పని వేరు. అది ఎవరినీ చంపడానికి లేదు. కరిగిపోతున్న ఎనామిల్ మీద లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి పేరుకోవడానికి సాయపడి, ఆ పొరని ఆమ్లానికి ఇంకాస్త తట్టుకునేలా చేస్తుంది. ఇలాంటి మౌత్‌వాష్‌ల మీద జరిగిన పరీక్షలన్నిటినీ 2016లో కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల బృందం ఒకచోట చేర్చి చూసింది. పెద్దల పర్యవేక్షణలో క్రమం తప్పకుండా పుక్కిలించిన పిల్లల్లో శాశ్వత దంతాల పుచ్చు సగటున 27 శాతం తగ్గిందని తేలింది. అద్భుతమేమీ కాదు, కానీ నాలుగు పళ్ళు పుచ్చిన పిల్లాడికి చిన్న విషయం కూడా కాదు.

మీ నాన్నగారి సంగతి. ఈ భయాన్ని మూఢనమ్మకం అనే హక్కు ఎవరికీ లేదు. ఎముకల్ని వంచే ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట నమోదైంది తెలుగునేల మీదే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. తర్వాత ఆ జబ్బుకి మీ జిల్లా పేరే గుర్తయిపోయింది. పటిక, సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి కూడా నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. అలాంటి ఊళ్ళో పెరిగినవాళ్ళు ఆ మాట వినగానే బెదిరిపోకపోతేనే ఆశ్చర్యం.

కానీ లెక్క ఒకసారి చూడండి. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. ఉదాహరణకి 5 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళనుకుందాం. ఎండలో పొలం పని చేసే మనిషి రోజుకి మూడు లీటర్లు తాగినా 15 మిల్లీగ్రాములు నేరుగా కడుపులోకి, అక్కణ్ణించి కొంత ఎముకల్లోకి. రోజూ. దశాబ్దాల తరబడి. తిండిలో కాల్షియం తక్కువైతే దెబ్బ ఇంకా ఎక్కువ. మన దగ్గర పేస్టులో 1000 పీపీఎం వరకు ఉంటుంది, అంటే గ్రాముకి 1 మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము ఉంటుంది. అదంతా మింగేసినా పావు మిల్లీగ్రాము. ఉమ్మేస్తే మిగిలేది అందులో కొంచెం. రోజూ వాడే 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ మౌత్‌వాష్ అయితే 10 మిల్లీలీటర్లలో దాదాపు 2.25 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇది పేస్టు కంటే ఎక్కువే, దాచాల్సిన పనిలేదు. అందుకే ఆరేళ్ళ లోపు పిల్లలకి దాన్ని ఇవ్వరు. ఉమ్మడం బాగా వచ్చిన పిల్లలకే ఇస్తారు.

మీ బాబుకి ఉమ్మడం వచ్చిందో లేదో ఇంట్లోనే తేలిపోతుంది. మందు సీసా మూతతో 10 మిల్లీలీటర్ల మంచినీళ్ళు కొలిచి నోట్లో పోయండి. నిమిషం పుక్కిలించి ఓ గ్లాసులో ఉమ్మమనండి, దాన్ని మళ్ళీ అదే మూతలో పోసి చూడండి. లాలాజలం కలుస్తుంది కాబట్టి 10 కంటే కాస్త ఎక్కువే రావాలి. తగ్గిందంటే మింగుతున్నాడు, మౌత్‌వాష్ ఇంకొన్నాళ్ళు ఆగొచ్చు. రెండు మూడు రోజులు వరసగా సరిగ్గా వస్తే ఆ భయం సగం తీరినట్టే. అత్తయ్యగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

ఇంకో మాట. పంటి ఎనామిల్ తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా మింగితేనే పళ్ళ మీద మచ్చలు, గీతలు వస్తాయి. ఎనిమిదేళ్ళకి జ్ఞాన దంతాలు తప్ప మిగతా శాశ్వత దంతాల పైభాగాలు దాదాపు తయారైపోతాయి. కాబట్టి ఆ బెంగ బాబు కంటే పాప విషయంలో ఎక్కువ ఉండాలి. పాపకి మౌత్‌వాష్ ఏదీ వద్దు, ఫ్లోరైడ్‌దీ వద్దు, కషాయమూ వద్దు. నాలుగేళ్ళ పిల్ల పుక్కిలించడం అంటే సగం మింగడమే. బఠాణీ గింజంత పేస్టు మీరే బ్రష్ మీద పెట్టి, మీరే తోమి, ఉమ్మించండి చాలు.

మీరు తాగే నీళ్ళు నల్లా నీళ్ళా, బోరు నీళ్ళా అన్నది ఉత్తరంలో రాయలేదు. కృష్ణా, గోదావరి నీళ్ళయితే నిశ్చింత. అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళే తాగుతుంటే మాత్రం ఒకసారి పరీక్ష చేయించండి. మీ నాన్నగారి అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది అక్కడ. అసలు జాగ్రత్త నీళ్ళ బిందె దగ్గర పడాలి.

ఇక కషాయం. దాన్ని తీసిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. వేప పుల్ల, కానుగ పుల్ల, ఉత్తరేణి వేరు నమిలి పళ్ళు తోముకున్న తరాలు మనవి. నోటి నిండా పట్టి ఉంచే గండూషం, నోట్లో తిప్పే కబళం చరకుడి కాలం నుంచీ ఉన్నవే. త్రిఫల మీద మన దేశంలోనే బడి పిల్లలతో పరీక్షలు చేశారు. పాచి, చిగుళ్ళ వాపు తగ్గించడంలో అది క్లోర్‌హెక్సిడిన్‌కి దగ్గరగా వచ్చింది, దాని అంత మరకల బెడద లేకుండా. లవంగంలోని యూజినాల్ నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. కాబట్టి అత్తయ్యగారి కషాయం వట్టి నీళ్ళేం కాదు.

చిక్కు ఎక్కడంటే, ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం చూసింది పాచి ఎంత తగ్గింది, బ్యాక్టీరియా ఎంత తగ్గింది అనే. కొత్త పుచ్చులు ఎన్ని ఆగాయో ఏళ్ళ తరబడి చూసినవి కావు. చిగుళ్ళకి మంచిదైనంత మాత్రాన పుచ్చుకీ సరిపోతుందనలేం. బ్యాక్టీరియా పూట గడిస్తే మళ్ళీ పెరుగుతుంది. కరిగిన ఎనామిల్‌కి ఖనిజం తిరిగి పట్టేలా చేసే పని వేప వల్లా కాదు, కరక్కాయ వల్లా కాదు. మీ ఇంట్లో కషాయం మౌత్‌వాష్ స్థానంలోకి రావడం ఒక్కటే అయితే ఇంత కంగారు పడేదాన్ని కాదు. పళ్ళపొడి కూడా వచ్చి ఫ్లోరైడ్ పేస్టు స్థానంలో కూర్చుంది. అసలు నష్టం అక్కడ జరుగుతోంది. ఎర్ర పళ్ళపొడుల్లో చాలావాటికి ఆ రంగు గేరుమట్టి వల్ల వస్తుంది. చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య రుద్ది చూడండి, ఇసకలా గరగరలాడితే అది రోజూ ఎనామిల్ మీద ఏం చేస్తోందో మీకే తెలుస్తుంది.

మరకల మాట వచ్చింది కాబట్టి ఒకటి. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు బట్టని ముందు కరక్కాయ కలిపిన పాలలో నానబెడతారు. ఇనప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన కసిమితో దాని మీద గీస్తే, కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి చిక్కటి నలుపు పట్టేస్తుంది. బాబు రక్తం కోసం ఐరన్ సిరప్ ఏదైనా తాగుతుంటే, దానికీ కషాయానికీ మధ్య కొన్ని గంటల తేడా ఉంచండి. మూలికలు కదా, మరకలు రావు అనుకోకూడదు.

మీ ముందున్న దారులు చూద్దాం. మొదటిది, ఇప్పుడున్నట్టే సాగనివ్వడం, తేనె మాత్రం మాని. చిగుళ్ళు బాగుండొచ్చు, నోటి వాసన తగ్గొచ్చు. కానీ నాలుగు పుచ్చులు ఇప్పటికే ఉన్నవాడికి ఫ్లోరైడ్ ఏ రూపంలోనూ లేకుండా చేస్తే ఐదోది రాదని నేను అనలేను. ఆరేళ్ళప్పుడు పళ్ళ వరస చివర్న వచ్చిన దవడ పళ్ళు పాల పళ్ళలాగే కనిపిస్తాయి గానీ, అవి జీవితాంతం ఉండాల్సినవి. అవి పోతే మళ్ళీ రావు. ఈ దారే పట్టాలనుకుంటే తీపి విషయంలో మాత్రం ఇంట్లో అందరూ కఠినంగా ఉండాలి. రోజంతా కొంచెం కొంచెంగా బిస్కెట్లు, చాక్లెట్లు నమలడం కంటే భోజనంతో పాటు ఒక్కసారి తినేయడం నయం. మూడు నెలలకోసారి డాక్టరుకి చూపించాలి. సాగుతుందా? సాగితే మంచిదే, కానీ మనవడు అడిగితే కాదనే నానమ్మలు తక్కువ.

రెండోది నాకు మీ ఇంటికి సరిపోయేదిగా అనిపిస్తోంది. పళ్ళపొడి తీసేసి ఫ్లోరైడ్ పేస్టు తెచ్చుకుని పొద్దునా రాత్రీ వాడండి. ట్యూబు మీద సోడియం ఫ్లోరైడ్ అనో, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అనో ఉండాలి. ఆయుర్వేద, హెర్బల్ అని రాసినవాటిలో చాలావాటికి అది ఉండదు, అందుకే వెనక్కి తిప్పి చదవాలి. రాత్రి తోమాక నురగ ఉమ్మేయాలి, నీళ్ళతో పుక్కిలించొద్దు, తర్వాత ఏమీ తినొద్దు. కషాయాన్ని సాయంత్రానికి మార్చండి. బడి నుంచి వచ్చి ఏదో తిన్నాక, తేనె, బెల్లం లేకుండా, గోరువెచ్చగా. వగరు ఎక్కువైతే నీళ్ళు ఎక్కువ పోసి పలచన చేయండి. ఉసిరికి పులుపు ఉంది కాబట్టి పుక్కిలించిన వెంటనే తోమకూడదు. ఏ పూటకాపూట కాచుకోవాలి, మర్నాటికి ఉంచకూడదు. ఇలా చేసి, మౌత్‌వాష్ బదులు డాక్టరునే ఆరు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయమని అడగొచ్చు. అది పంటి మీద పలచగా పూస్తే అక్కడే గట్టిపడుతుంది, వాడేది అతి కొంచెం. మీ చేత్తో రోజూ పోయాల్సిన బాధ కూడా తప్పుతుంది. ఆ ఆరేళ్ళ దవడ పళ్ళ గాడులు లోతుగా ఉంటే సీలెంట్‌తో పూడ్చమని కూడా అడగండి. దీనికి ఖర్చు కొంత అవుతుంది. ప్రైవేటులో భారమనిపిస్తే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, కాస్త ఓపిగ్గా క్యూలో నిలబడాలి.

డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేయడం మూడో దారి. పేస్టు, మౌత్‌వాష్ రెండూ. పుచ్చు వేగంగా పెరుగుతుంటే నేనూ దీనివైపే మొగ్గుతాను. ఉమ్మే పరీక్ష పాసైతే బాబుకి ప్రమాదం లేదు. పేస్టుతో తోమిన వెంటనే కాకుండా, మధ్యాహ్నమో సాయంత్రమో విడిగా వాడితే పళ్ళకి రోజులో ఇంకోసారి ఫ్లోరైడ్ అందుతుంది. నష్టం ఒకటే, మీరు రోజూ టెన్షన్ పడుతూ ఇస్తే పదిహేను రోజుల్లో అది కూడా అటకెక్కుతుంది. మధ్యలో ఆపేసే మూడో దారి కంటే నిలకడగా సాగే రెండో దారి మేలు.

షాపులో దొరికే హెర్బల్ మౌత్‌వాష్‌లు కొంటే ఎలా ఉంటుందని కూడా అడిగారు. సీసా మీద ఆకులు, కాయల బొమ్మలున్నా లోపల నిలవ ఉంచే మందు, తీపి కోసం ఏదో ఒకటి ఉంటాయి. కొన్నిట్లో ఆల్కహాల్ కూడా. కెమికల్ వద్దని వాటిని కొనడంలో అర్థం లేదు. దానికంటే మీ అత్తయ్యగారి గిన్నె నయం. ఇంట్లో ఒక్కటి మాత్రం చేయొద్దు. పన్ను నొప్పి అంటే పిల్లల నోట్లో లవంగ నూనె, వేప నూనె, కర్పూరం పెట్టకండి. లవంగ నూనె నేరుగా తగిలితే చిగురు కాలుతుంది. కర్పూరం కొంచెం కడుపులోకి వెళ్ళినా చిన్నపిల్లలకి ఫిట్స్ రావచ్చు.

ఆ కషాయం మీకే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేది మీకు. క్లోర్‌హెక్సిడిన్ సీసాల బదులు సాయంత్రం బాబుతో పాటు మీరూ పుక్కిలించండి. గార ఉంటే మాత్రం ముందు దాన్ని క్లీనింగ్‌లో తీయించాలి, ఏ కషాయమూ దాన్ని కరిగించదు. అంతా చేసినా రక్తం ఆగకపోతే షుగర్ కూడా ఒకసారి చూపించుకోండి.

అత్తయ్యగారితో మాట్లాడేటప్పుడు, డాక్టరు ఇలా అన్నారు కాబట్టి మీరు చేసేది తప్పు అన్న ధోరణిలో మొదలుపెట్టకండి. కషాయం ఆపమని మీరు అడగడం లేదు కదా. "అత్తయ్యా, కషాయం సాయంత్రానికి మారుద్దాం, తేనె ఆపేద్దాం, నేను కూడా చేస్తాను" అంటే ఆవిడ కాదనడానికి కారణం తక్కువ. పళ్ళపొడి దగ్గర పేచీ రావచ్చు. అక్కడ మీవారు నోరు విప్పాలి. ఫోన్ పక్కన పెట్టి "అమ్మా, పేస్టు వాడదాం" అని ఆయన ఒక్కమాట అంటే మీరు పది మాటలు చెప్పక్కర్లేదు. కొడుకు చెప్తే తీర్పు, కోడలు చెప్తే ఎదురు చెప్పడం అయ్యే ఇళ్ళు ఇంకా చాలానే ఉన్నాయి. అది బాగుందని కాదు, పన్ను కాపాడుకోవడానికి ఆ దారైనా వాడుకోవాలి.

డాక్టరు దగ్గర దాచకండి. నాన్నగారి సంగతి, ఇంట్లో కషాయం సంగతి, సీసా అటక మీద ఉన్న సంగతి మొత్తం చెప్పండి. మందు వాడామని అబద్ధం చెప్తే, వాడినా పుచ్చు ఆగలేదని ఆయన ఇంకాస్త ఘాటైనది రాస్తారు. వార్నిష్ గురించి, సీలెంట్ గురించి మీరే అడగండి. విసుక్కుంటే ఇంకో డాక్టరుని చూసుకోవచ్చు, అందులో తప్పేం లేదు.

వచ్చే నెల దాకా ఆగకూడని సందర్భం ఒకటుంది. రూట్ కెనాల్ చేసిన పన్ను దగ్గర గానీ, మిగతా మూడు పళ్ళ దగ్గర గానీ చిగురు మీద చీముపొక్కు లేచినా, బుగ్గ వాచినా, నొప్పికి బాబు రాత్రి నిద్ర లేచి ఏడ్చినా ఏ పుక్కిలింతతోనూ కాలయాపన చేయొద్దు. ఆ రోజే తీసుకెళ్ళండి. జ్వరం కూడా ఉండి, వాపు కంటి వైపో గొంతు వైపో పాకుతుంటే రాత్రైనా సరే పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి.